ఫ్రిజ్, పంపు, వాషింగ్ మెషిన్ నడవాలంటే ఎలాంటి ఇన్వర్టర్ తీసుకోవాలి?

నూతిగట్టు:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మా ఇంట్లో 850 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి, కొని మూడేళ్లయింది. మూడు ఫ్యాన్లు, లైట్లు, రౌటర్ దానిమీద ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. ఈమధ్య కరెంటు పోతే ఒక్కోసారి నాలుగైదు గంటలు రావడం లేదు. అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది, అదే నా టెన్షన్ అంతా.

పోయిన వారం ఫ్రిజ్ ప్లగ్గును ఇన్వర్టర్ లైనులో పెట్టి చూశాను. వెనక స్టిక్కర్ మీద 150 వాట్లు అని ఉంది కదా, రెండు ఫ్యాన్లంత లోడే అనుకున్నాను. కంప్రెసర్ గుయ్‌మని మూలిగింది, రెండు మూడు సెకన్లలో ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని అరిచి ఫ్యాన్లతో సహా అన్నీ ఆపేసింది. ఐదు నిమిషాలాగి మళ్లీ ఆన్ చేసినా అదే తంతు.

షాపుల్లో అడిగితే ఒకాయన 1100 వీఏ చాలన్నాడు, ఇంకొకాయన 3.5 కేవీఏ లేకపోతే లాభం లేదన్నాడు. ఇద్దరిలో ఎవరూ నా ఫ్రిజ్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఫ్రిజ్‌తో పాటు వీలైతే అర హెచ్‌పీ నీళ్ల పంపు, మిక్సీ, టాప్ లోడ్ వాషింగ్ మెషిన్ కూడా నడవాలని ఆశ. ఎలా లెక్క వేసుకోవాలో చెప్పగలరా? ఏ కంపెనీ అన్నది తర్వాత, ముందు లెక్క అర్థం కావాలి.

పగటివెలుగు:
మా ఇంట్లో 900 వీఏ మీద ఫ్రిజ్ హాయిగా నడుస్తోంది అన్నా. మీ ఇన్వర్టర్ పాతబడి ఉంటుంది, సర్వీసు చేయించండి చాలు.

రాగితీగ:
@పగటివెలుగు మీది ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ అయి ఉంటుంది, ఒకసారి తలుపు మీద స్టిక్కర్ చూడండి. అందులో మోటారు నెమ్మదిగా వేగం అందుకుంటుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు పెద్దగా లాగదు. మామూలు కంప్రెసర్ సంగతి పూర్తిగా వేరు. ఆ తేడా చెప్పకుండా 900 చాలు అంటే అవతలివాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు.

పగటివెలుగు:
అవును, మీరన్నట్టు ఇన్వర్టర్ కంప్రెసర్ అనే రాసి ఉంది. నాకు ఆ తేడా తెలియదు, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

వైండింగ్‌పని:
తమ్ముడూ, నేను మోటార్లు విప్పి వైండింగ్ చేసేవాణ్ని, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నా దగ్గరికి కాలి వచ్చే చిన్న మోటార్లలో చాలావాటికి కారణం నువ్వు చెప్పిన ఆ మూలుగే. కదలలేక, ఆగనూ లేక అలా గుయ్‌మంటూ ఉన్నంతసేపు లోపల తీగ ఉడుకుతూ ఉంటుంది. ఇంకోసారి ఆ ప్రయోగం చెయ్యకు.

ఇండక్షన్ మోటారు ఆగి ఉన్నప్పుడు దాన్ని దాదాపు సెకండరీ షార్ట్ అయిన ట్రాన్స్‌ఫార్మర్ అనుకో. కరెంటును అడ్డుకునేది పెద్దగా ఏమీ ఉండదు, అందుకే మొదటి క్షణంలో మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్లు లాగేస్తుంది, చిన్న కంప్రెసర్లలో ఎనిమిది రెట్లు కూడా చూశాను. రోటర్ వేగం అందుకున్నకొద్దీ ఆ లాగుడు తగ్గిపోతుంది. ఫ్రిజ్‌లో ఇదంతా ఒక్క సెకను లోపే అయిపోతుంది, కానీ ఆ సెకను ఇన్వర్టర్ తట్టుకోవాలి. స్టిక్కర్ మీద 150 వాట్లన్నది నడుస్తున్నప్పటి మాట. స్టార్ట్ అయ్యేటప్పటి మాట కొన్ని కంప్రెసర్ల మీద ఎల్ఆర్ఏ అని విడిగా రాస్తారు, అంటే రోటర్ కదలకుండా పట్టేసినప్పుడు తీసుకునే ఆంపియర్లు. వీలైతే ఫ్రిజ్‌ను జరిపి ఆ నల్ల డబ్బా మీద చూడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. వోల్టేజీ పడిపోతే మోటారు బలం అదే నిష్పత్తిలో తగ్గదు, ఇంకా ఎక్కువ తగ్గుతుంది, వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ 20 శాతం తగ్గితే తిప్పే బలం 64 శాతమే మిగులుతుంది. అంటే ఇన్వర్టర్ సరిగ్గా ఆ క్షణంలో నీరసపడి 230 బదులు 180 ఇచ్చిందనుకో, కంప్రెసర్ తిరగదు. తిరగకపోతే స్టార్టింగ్ కరెంటు తగ్గదు, అది తగ్గకపోతే వోల్టేజీ లేవదు. మీ ఇంట్లో జరిగింది ఇదే.

నూతిగట్టు:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అన్నా. ఫ్రిజ్ జరిపి చూశాను, కంప్రెసర్ మీద స్టిక్కర్ సగం చెరిగిపోయి ఉంది, ఎల్ఆర్ఏ కనబడలేదు. పంపు ప్లేటు మీద 0.37 కిలోవాట్లు, 0.5 హెచ్‌పీ, 3.6 ఆంపియర్లు అని ఉంది. 0.37 అంటే 370 వాట్లే కదా, మరి 3.6 ఆంపియర్లను 230తో గుణిస్తే 828 వస్తోంది. ఏది నిజం?

రాగితీగ:
రెండూ నిజమే. మోటారు ప్లేటు మీద ఉండే హెచ్‌పీ, కిలోవాట్లు ఇరుసు దగ్గర బయటికి వచ్చే శక్తి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, మీది అందులో సగం. లోపలికి తీసుకునేది అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే ఇంత చిన్న సింగిల్ ఫేజ్ మోటార్లలో మూడో వంతు పైగా వేడిగా పోతుంది. సుమారు 600 వాట్లు లోపలికి వెళ్తాయనుకోండి. మరి 828 ఎక్కడిది అంటే అది వీఏ. మోటారులో కరెంటు, వోల్టేజీ ఒకే తాళంలో నడవవు, కరెంటు కొంచెం వెనకబడుతుంది. అందువల్ల నిజంగా పనిచేసే వాట్ల కంటే తీగల్లో పారే ఆంపియర్లు ఎక్కువ ఉంటాయి. ఇన్వర్టర్ లోపలి భాగాలు మోయాల్సింది ఆ ఆంపియర్లనే, కాబట్టి మోటార్ల విషయంలో వాట్లు పక్కన పెట్టి వీఏ చూడాలి. ఇన్వర్టర్ పెట్టె మీద వీఏ పెద్ద అక్షరాల్లో, వాట్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, రెండూ చదవండి, రెండింటిలో దేన్నీ దాటకూడదు.

ఊహలు వద్దనుకుంటే క్లాంప్ మీటరుతో కొలిపించండి. మామూలుది కాదు, ఇన్‌రష్ అనే బటన్ ఉన్నది కావాలి, అది మొదటి క్షణంలో లాగిన కరెంటును పట్టి చూపిస్తుంది. ప్లగ్గులో పెట్టే చిన్న వాట్ మీటర్లు సెకనుకోసారి లెక్క వేస్తాయి, ఆ క్షణం వాటికి దొరకదు. ఫేజ్ వైరు ఒక్కటే క్లాంప్‌లో ఉండాలి, రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది.

నూతిగట్టు:
మా ఎలక్ట్రీషియన్ దగ్గర ఆ మీటరు ఉంది, ఈరోజు తెచ్చాడు. మెయిన్ కరెంటు మీదే కొలిచాం. ఫ్రిజ్ నడిచేటప్పుడు 0.9 ఆంపియర్లు, స్టార్ట్ అయ్యేటప్పుడు 6.8. పంపు నడిచేటప్పుడు 3.6, స్టార్టింగ్‌లో 17. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ దాదాపు అంతే వచ్చింది. వాషింగ్ మెషిన్ నీళ్లు, బట్టలు నింపి కొలిస్తే 1.8, అటూ ఇటూ తిరిగే ప్రతిసారీ 7 దాకా పోతోంది. మిక్సీ 3 దాకా, మొదట్లో 8కి ఎగిరి వెంటనే దిగిపోయింది.

రాగితీగ:
శభాష్, ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఏదైనా దొరికింది. ఫ్రిజ్ స్టార్టింగ్ 6.8 అంటే 1560 వీఏ చిల్లర. మీ 850 దాన్ని ఎత్తకపోవడంలో ఆశ్చర్యం లేదు. పంపు 17 అంటే 3900 వీఏ! అర హెచ్‌పీ కదా అని తేలిగ్గా తీసుకుంటారు అందరూ. మీకు సలహా ఇచ్చిన షాపువాళ్లిద్దరిలో 3.5 కేవీఏ అన్నాయన పంపును దృష్టిలో పెట్టుకుని ఉంటాడు. ఫ్రిజ్ ఒక్కదానికే అయితే అంత అక్కర్లేదు. పంపు ఇన్వర్టర్ మీద ఉండాలా వద్దా అన్నది మీరు ముందు తేల్చుకోండి, మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

తెల్లగన్నేరు:
వాషింగ్ మెషిన్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తాను. మాది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. మెషిన్ దానిమీద నడిచింది, ట్రిప్ కూడా కాలేదు, అందుకని ఐదారు నెలలు అలాగే వాడాను. మోటారు చప్పుడు మారింది, బరువుగా మోగుతున్నట్టు ఉండేది, పట్టించుకోలేదు. ఒకరోజు కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూపిస్తే కండెన్సర్ ఉబ్బి పగిలి ఉంది, మోటారు తీగ మీద వార్నిష్ నల్లబడి ఉంది. "ట్రిప్ కాలేదంటే సరిపోయినట్టే" అని నేను అనుకోవడమే తప్పు. ఎవరైనా స్క్వేర్ వేవ్ మీద మోటార్లు నడుపుతుంటే దయచేసి ఆపండి.

వైండింగ్‌పని:
తెల్లగన్నేరు అక్క చెప్పింది అక్షరాలా నిజం. మోటారుకు కావలసింది 50 హెర్ట్జ్ మెత్తటి అల. స్క్వేర్ వేవ్‌లో దానితో పాటు 150, 250, 350 హెర్ట్జ్ అలలు కూడా కలిసి ఉంటాయి. అవి మోటారును తిప్పడానికి పనికిరావు, ఇనుమునూ తీగనూ వేడెక్కించడానికే. పైగా కండెన్సర్ గుణం ఏమిటంటే హెర్ట్జ్ పెరిగేకొద్దీ దానిలోంచి ఎక్కువ కరెంటు పారుతుంది, అందుకే అది ముందు పోతుంది. సీలింగ్ ఫ్యాన్‌లో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే ఫ్యాన్ గాలికి చల్లబడుతూ ఉంటుంది కాబట్టి బతుకుతుంది. మోడిఫైడ్ సైన్ వేవ్ అని పేరు పెట్టి అమ్మేది కూడా మెట్లు మెట్లుగా ఉండే అలే, పేరులో సైన్ ఉందని మోసపోకండి. కంప్రెసర్ ఉన్న ఏ వస్తువుకైనా ప్యూర్ సైన్ వేవ్ తప్ప వేరేది నేను ఒప్పుకోను.

మిక్సీ ఒక్కటి వేరు. దానిలో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, ఆ రకం మోటారు అల ఆకారాన్ని అంతగా పట్టించుకోదు. కానీ పని ఎక్కువైతే నడిచేటప్పుడు కూడా లాగుతూనే ఉంటుంది. జార్ సగం నింపి, ఒకటో స్పీడులో మొదలుపెట్టి, ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు వాడుకుంటే చాలు.

ఇనుపపెట్టె:
ఇన్వర్టర్ ఎంపికలో ఇంకో చీలిక ఉంది, దాన్ని ఎవరూ అడగరు. లోపల పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండే రకం ఒకటి, తేలిగ్గా చేతిలో పట్టుకుపోయే హై ఫ్రీక్వెన్సీ రకం ఒకటి. రెండింటి మీదా 2000 వీఏ అనే ఉండవచ్చు, రెండూ ప్యూర్ సైన్ వేవే కావచ్చు. తేడా ఎక్కడంటే మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు. ఇనుపది తన రేటింగ్‌కు రెండు మూడు రెట్లు కొన్ని సెకన్లు మోయగలదు. తేలికది రెండు రెట్లు అని పెట్టె మీద రాసినా అది చాలాసార్లు సెకనులో చిన్న భాగమే, ఆ తర్వాత తనను తాను కాపాడుకోవడానికి ఆపేస్తుంది. అందుకే "సర్జ్ ఎంత" అని అడిగి ఊరుకోకండి, "ఎన్ని సెకన్లు" అని కూడా అడగండి. జవాబు చెప్పలేకపోతే, మాన్యువల్‌లో కూడా లేకపోతే, ఆ సంఖ్యను లేనట్టే లెక్కేసుకుని రేటింగ్ లోపలే మీ స్టార్టింగ్ వీఏ ఉండేలా చూసుకోండి.

ఎప్పటికప్పుడు:
మీ మాట పాతకాలం నాటిది. మంచి హై ఫ్రీక్వెన్సీ యూనిట్లు ఇప్పుడు ఫ్రిజ్‌లు సులువుగా లేపుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ రకం ఊరికే ఆన్‌లో ఉన్నా వాట్లు తింటుంది, పెద్దదైతే 30, 40 వాట్లు ఏ లోడూ లేకుండానే పోతాయి. రాత్రంతా అంటే బ్యాటరీలో పెద్ద భాగమే. దాని గురించి కూడా చెప్పండి మరి.

ఇనుపపెట్టె:
మీరు చెప్పిన ఖాళీ ఖర్చు నిజం, ఒప్పుకుంటాను, నా యూనిట్ 28 వాట్లు తింటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఉన్న ఇంటికి తేలిక రకమే నేనూ చెప్తాను. కానీ ఇక్కడ అడిగినాయనది మామూలు కంప్రెసర్, ఇంట్లో ఇన్సులిన్ ఉంది. నాలుగేళ్ల తర్వాత బేరింగ్ అరిగి, గ్యాస్ ప్రెషర్ ఎక్కువగా ఉన్న ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ కంప్రెసర్ లేవాలి. దానికి నేను బరువైన పెట్టెనే నమ్ముతాను.

ఎప్పటికప్పుడు:
ఈ కేసుకు సరే.

రాగితీగ:
ఇన్వర్టర్ గురించే మాట్లాడుతున్నాం, బ్యాటరీ, కేబుళ్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను చూసిన ట్రిప్పుల్లో సగం అక్కడే. లెక్క చూడండి. ఫ్రిజ్ స్టార్ట్ అయ్యే క్షణంలో నిజంగా 1100 వాట్లు లాగిందనుకుందాం. 12 వోల్టుల బ్యాటరీ మీద, ఇన్వర్టర్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, 108 ఆంపియర్లు బ్యాటరీ నుంచి రావాలి. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు రానూపోనూ కలిపి 4 మీటర్ల తీగ, అది 6 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే, ఆ క్షణంలో తీగలోనే 1.25 వోల్టులకు పైగా పోతాయి. మూడేళ్ల బ్యాటరీ ఆ బరువుకు 11.4కు దిగిందనుకోండి, ఇన్వర్టర్ నోటికి అందేది 10.1. చాలా ఇన్వర్టర్లు 10.5 దగ్గర బ్యాటరీ లో అని కట్ చేస్తాయి. మనం ఇన్వర్టర్ చిన్నదనుకుని పెద్దది కొంటాం, అదే తీగకు తగిలిస్తాం, అదీ ట్రిప్ అవుతుంది. అదే 25 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది 0.3 వోల్టులే.

అందుకే మోటార్లు ఉంటే నేను 24 వోల్టులే సిఫారసు చేస్తాను. అదే పనికి ఆంపియర్లు సగమవుతాయి, తీగలో పోయే వోల్టులు సగం, మొత్తంలో ఆ నష్టం వాటా నాలుగో వంతు. ఒక్క హెచ్చరిక, నూతిగట్టు గారూ, మీ మూడేళ్ల బ్యాటరీకి పక్కన కొత్తది సిరీస్‌లో కలపకండి. పాతది ముందు ఖాళీ అయి, కొత్తదాన్నీ పాడు చేస్తుంది. రెండూ ఒకే రకం, ఒకే వయసువి కావాలి.

లిథియం తీసుకునేవాళ్లకు ఒక మాట. అందులో బీఎంఎస్ అనే కాపలా బోర్డు ఉంటుంది, 100 ఆంపియర్ల బీఎంఎస్ అయితే 12.8 వోల్టుల దగ్గర 1280 వాట్లే హద్దు. దాటితే ఇన్వర్టర్ కాదు, బ్యాటరీయే ఆపేస్తుంది. కొన్ని కొద్ది క్షణాలు ఎక్కువ ఇస్తాయి, ఎంతసేపన్నది కాగితంలో చూసుకోండి.

చెరువుదారి:
పంపు విషయంలో నాకు మీ అందరి సాయం కావాలి. మాకు కరెంటు పోతే నీళ్లు లేవు, ట్యాంకు చిన్నది. 0.5 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారే. సాఫ్ట్ స్టార్టర్ పెడితే 17 ఆంపియర్లు తగ్గుతాయా? ఫ్యాన్ డిమ్మర్ లాంటిది పెట్టి నెమ్మదిగా పెంచితే సరిపోతుందని ఒకరు చెప్పారు.

వైండింగ్‌పని:
డిమ్మర్ మాత్రం వద్దు, దండం పెడతాను. పైన చెప్పానుగా, వోల్టేజీ తగ్గిస్తే బలం వర్గంలో తగ్గుతుంది. చాలా సింగిల్ ఫేజ్ మోటార్లలో స్టార్టింగ్ చుట్టలు వేరుగా ఉంటాయి, అవి సెకను పని కోసమే చుట్టినవి. వేగం అందుకుంటే గానీ సెంట్రిఫ్యూగల్ స్విచ్ వాటిని తప్పించదు. డిమ్మర్ పెట్టి బుజ్జగిస్తూ కూర్చుంటే ఆ చుట్టలు అంతసేపూ కరెంటులోనే ఉండి కాలిపోతాయి. సింగిల్ ఫేజ్ కంప్రెసర్ల కోసమే తయారుచేసిన సాఫ్ట్ స్టార్టర్లు ఉన్నాయి, అవి స్టార్టింగ్ కండెన్సర్‌ను కూడా తామే చూసుకుంటాయి కాబట్టి బాగా తగ్గిస్తాయి. ఏ మోటారుకు సరిపోతుందో తయారీదారు రాసి ఉంటేనే తీసుకో.

నేనైతే ముందు ట్యాంకు పెద్దది చేయమంటాను. కరెంటు ఉన్నప్పుడు పైకి ఎక్కించిన నీళ్లు కరెంటు లేనప్పుడు తమంతట తామే దిగుతాయి. ఫ్లోట్ స్విచ్ పెడితే నిండినప్పుడు ఆగుతుంది, తగ్గినప్పుడు ఎక్కిస్తుంది.

పొలంగట్టు:
ట్యాంకు పెద్దది చేసే వీలు అందరికీ ఉండదు అన్నా. చెరువుదారి గారూ, నేను చేసిన పని చెప్తాను. పాత సింగిల్ ఫేజ్ మోటారు తీసేసి 0.5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు పెట్టాను, ప్లేటు మీద 230, 400 అని రెండు వోల్టేజీలు ఉన్నది, డెల్టాలో కలిపాను. దాని ముందు వీఎఫ్‌డీ, అంటే హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని నడిపే పెట్టె. వీఎఫ్‌డీకి ఇన్వర్టర్ నుంచి సింగిల్ ఫేజ్ 230 ఇస్తాం, అది త్రీ ఫేజ్ చేసి తక్కువ హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి ఐదారు సెకన్లలో 50కి తీసుకెళ్తుంది. హెర్ట్జ్, వోల్టేజీ కలిసి పెరుగుతాయి కాబట్టి స్టార్టింగ్ కరెంటు నడిచే కరెంటును పెద్దగా దాటదు. నాకు 1500 వీఏ ఇన్వర్టర్ మీద ఏడాదిన్నరగా నడుస్తోంది. ఒకటి గుర్తుంచుకోండి, మామూలు కండెన్సర్ మోటారుకు వీఎఫ్‌డీ తగిలించకూడదు, కండెన్సరూ పోతుంది, వీఎఫ్‌డీ కూడా పోతుంది. వీఎఫ్‌డీ కరెంటును ముద్దలు ముద్దలుగా లాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ రేటింగ్ కనీసం రెట్టింపు ఉంచుకోండి.

వైండింగ్‌పని:
బాగా చేశావు. ఇది నాకూ నచ్చింది. పంపుతో పాటు మోటారూ కొత్తది కొనాల్సి వస్తే ఇదే దారి.

తులసికోట:
అన్నయ్యలూ, నాది కొంచెం వేరే ప్రశ్న, కానీ ఇదీ మోటారే. నాన్నకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉంది, 5 లీటర్లది, 350 వాట్లు అని రాసి ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు అది ఆగి అలారం కొడుతోంది, తర్వాత మళ్లీ ఆన్ చేయాల్సి వస్తోంది. ఫ్రిజ్‌కు చెప్పినవి దీనికీ వర్తిస్తాయా?

రాగితీగ:
వర్తిస్తాయమ్మా, ఇంకా గట్టిగా. లోపల ఉన్నది కంప్రెసరే, కాబట్టి ప్యూర్ సైన్ వేవ్, స్టార్టింగ్ కరెంటు కొలత రెండూ తప్పనిసరి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది చూడండి. యూపీఎస్‌లో ఉంచితే కరెంటు మారడానికి పట్టే సమయం సాధారణంగా 10 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, నార్మల్‌లో దానికి రెండు మూడు రెట్లు. ఆ స్విచ్ మార్చగానే మీ అలారం ఆగిపోవచ్చు. ఆ లైను మీద ఇంకే మోటారూ ఉండకూడదు, ఫ్రిజ్ స్టార్ట్ అయి ఇన్వర్టర్ ట్రిప్ అయితే నాన్నగారి యంత్రం కూడా ఆగుతుంది. దానికి వేరే ఇన్వర్టర్, వేరే బ్యాటరీ పెట్టండి. ఎంత మంచి ఇన్వర్టర్ అయినా సరే, పక్కన నిండు సిలిండర్, రెగ్యులేటర్ సిద్ధంగా ఉండాలి, ఇంట్లో ఇద్దరికి అది తిప్పడం వచ్చి ఉండాలి. ఎంత ఫ్లో పెట్టాలో డాక్టరును అడిగి సిలిండర్ మీదే అంటించండి.

తులసికోట:
స్విచ్ నార్మల్‌లో ఉంది, ఇప్పుడే మార్చాను. మెయిన్ ఆపి చూస్తే ఈసారి అలారం కొట్టలేదు. సిలిండర్ ఉంది గానీ రెగ్యులేటర్ తిప్పడం నాకొక్కదానికే వచ్చు, ఈ రాత్రే తమ్ముడికి నేర్పిస్తాను. మీ మేలు మరచిపోను.

నూతిగట్టు:
పంపును ఇన్వర్టర్ నుంచి తప్పించాలని నిర్ణయించుకున్నాను, మాకు ట్యాంకు సరిపోతుంది. ఇప్పుడు ఎంతసేపు వస్తుందో లెక్క సరిచూడండి. 24 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు, అంటే 3600 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేయకూడదని చదివాను, అంటే 1800. ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే 1530. ఫ్రిజ్ 135 వాట్లు గానీ పదిలో నాలుగు వంతుల సేపే నడుస్తుంది, సగటున 54. మూడు ఫ్యాన్లు 225, లైట్లు, రౌటర్ 40. మొత్తం 319. నాలుగున్నర, ఐదు గంటలు. సరైనదేనా?

ఎప్పటికప్పుడు:
లెక్క సరిగ్గా ఉంది. అందులో పెద్దది ఫ్రిజ్ కాదు, ఫ్యాన్లు! వాటిని బీఎల్‌డీసీ చేస్తే ఒక్కోటి 30 వాట్లు, మూడూ కలిపి 90. మొత్తం 184కు దిగుతుంది, ఎనిమిది గంటలకు పైగా వస్తుంది. ఇంకో బ్యాటరీ జత కొనడం కంటే ఇదే మేలు. చార్జింగ్ ఆంపియర్లు కూడా అడగండి, 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్లు ఉండాలి. అదున్నా సగం ఖాళీ అయినది నిండడానికి ఐదు గంటలు దాటుతుంది, రోజుకు రెండుసార్లు కరెంటు పోతే రెండోసారి మీకు పూర్తి బ్యాటరీ ఉండదు.

తెల్లగన్నేరు:
ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. మందులు తీసేటప్పుడు తప్ప తెరవొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి, కంప్రెసర్ కూడా తక్కువసార్లు స్టార్ట్ అవుతుంది.

ఇనుపపెట్టె:
వైరింగ్ విషయంలో ఒక్క మాట. ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ నుంచి ఫేజ్, న్యూట్రల్ రెండూ విడిగా లాగించండి. న్యూట్రల్ పాత లైనుతో కలిస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్) ఊరికే పడిపోతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి. రెండు వైపులా మగ ప్లగ్గులున్న వైరుతో ఇన్వర్టర్ కరెంటును గోడ సాకెట్‌లోకి ఎక్కించే పని ఎవరు చెప్పినా చేయకండి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. బ్యాటరీలు గాలి ఆడే చోట ఉంచండి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది.

నూతిగట్టు:
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 2 కేవీఏ ప్యూర్ సైన్ వేవ్, 24 వోల్టులు, కొత్త బ్యాటరీలు రెండు, 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్. కొనేముందు "ఎన్ని సెకన్లు" అని నాలుగు చోట్ల అడిగాను, ఒక్కచోటే మాన్యువల్ తీసి చూపించారు, అక్కడే తీసుకున్నాను.

మొదటిరోజే పరీక్ష పెట్టాను, అదీ ఊరికే కాదు, కరెంటు ఆపేసి ఫ్యాన్లన్నీ వేసి మూడు గంటలు నడిపాక, బ్యాటరీ బాగా దిగిన తర్వాత ఫ్రిజ్ పెట్టాను. ఒక్కసారికే లేచింది. ఆ క్షణంలో బ్యాటరీ వోల్టేజీ 24.4 నుంచి 23.1కి దిగి మళ్లీ పైకి వచ్చింది. లైట్లు ఒక్క రెప్పపాటు మసకబారాయి, అంతే. వాషింగ్ మెషిన్ కూడా నడిచింది, ఫ్రిజ్ స్టార్ట్ అయినప్పుడు కూడా ఆగలేదు, కానీ అలవాటు చేసుకోదలచుకోలేదు.

ఒక సమస్య మాత్రం వచ్చింది. కరెంటు పోవడం, రావడం వెంటవెంటనే జరిగితే కంప్రెసర్ ఒక్కోసారి ఆగిపోయి, టిక్‌మని చప్పుడు చేసి, కాసేపటికి గానీ లేవడం లేదు. ఇది ఇన్వర్టర్ లోపమా?

వైండింగ్‌పని:
కాదు తమ్ముడూ. కంప్రెసర్ ఇప్పుడే ఆగితే లోపల గ్యాస్ ప్రెషర్ ఒకవైపే నిలిచి ఉంటుంది, ఆ ఎదురు బరువు మీద అది లేవలేదు. ఆ టిక్ దాని ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్, మోటారును కాపాడుతోంది. ప్రెషర్ సర్దుకోవడానికి మూడు నిమిషాలు చాలు. టైమ్ డిలే ఉన్న ప్లగ్గు ఫ్రిజ్‌కు పెట్టు, కరెంటు తెగితే మూడు నిమిషాలు ఆగి ఇస్తుంది. నీ ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉందా?

నూతిగట్టు:
నార్మల్‌లోనే ఉంది! తులసికోట గారికి చెప్పింది చదివి కూడా నాది చూసుకోలేదు. మార్చాను, డిలే ప్లగ్గు కూడా పెట్టాను. నాలుగు రోజులుగా ఆ టిక్ వినబడలేదు.

వైండింగ్‌పని:
మంచిది. నెల దాటింది కదా, బ్యాటరీ లగ్గులు, అంటే టెర్మినల్స్‌కు తగిలించే కేబుల్ చివర్లు, ఒకసారి బిగించు. కొత్త సీసం కొంచెం అణిగి వదులవుతుంది, వదులైన చోట వేడెక్కి వోల్టులు పోతాయి. ఇన్వర్టర్ ఆపి, స్పానర్ రెండు టెర్మినల్స్‌కూ ఒకేసారి తగలకుండా చూసుకో.

నూతిగట్టు:
బిగించాను అన్నా. మూడు గట్టిగానే ఉన్నాయి, రెండో బ్యాటరీ ప్లస్ దగ్గర లగ్గు పావు చుట్టు తిరిగింది.